జాషువా తల్లి వైపు నుంచి

మా నూజివీడు వైపు రసాల అంటుమొక్క కొనేవాళ్లు ఏ తల్లిచెట్టుదని అడిగి మరీ కొంటారు. ఇక్కడి జమీందార్ల వంశచరిత్రలు రాసిపెట్టి ఉన్నాయి. ఆ తోటల్లో కాయ కోసి బుట్టలు మోసిన మాల మాదిగల తాతముత్తాతల పేర్లు మూడో తరం దాటితే దొరకడం కష్టం. అందుకే గుర్రం జాషువా కథను మేం ఆయన తల్లి దగ్గరే మొదలుపెడతాం.

తల్లి లింగమ్మ మాదిగ. తండ్రి వీరయ్య యాదవుడు, క్రైస్తవం తీసుకున్నవాడు. కొడుకు 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టాడు. బిడ్డకు తండ్రి కులమే రాసే సమాజం ఈ ఒక్కచోట తల్లిని చూసింది. అంటరానివాడు అనడానికి అమ్మ వైపు చాలింది. వినుకొండలో కొప్పరపు కవుల అవధాన సభలో పద్యాలు చదివితే, ఇతన్ని లోపలికి ఎలా రానిచ్చారని కొందరు గొడవ చేశారు. ఇటు చర్చిలోనేమో, హిందూ పురాణాలు చదువుతున్నాడని కోపం.

బడిపంతులు పని, రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పడం, యుద్ధ ప్రచారం, మద్రాసు రేడియో ఉద్యోగం: ఇవన్నీ ఆయన బతుకుతెరువులు. వాటి గురించి చాలామంది రాశారు.

మాకు ముఖ్యమైంది 1941 నాటి గబ్బిలం. గుడి గడప తొక్కనివ్వని ఒక పేదవాడు తన గోడు కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడి గోడకు వేలాడే గబ్బిలాన్ని కులం అడిగేవాడు లేడు కదా! ఆ పేదవాణ్ని జాషువా అరుంధతి బిడ్డగా నిలబెట్టాడు. వసిష్ఠుడి భార్య అరుంధతిని మాదిగలు తమ ఆడపడుచుగా చెప్పుకుంటారు. పెళ్లిలో పురోహితుడు ఆమె నక్షత్రాన్నే చూపించి మొక్కమంటాడు. ఆమె పుట్టింటివాళ్లను మాత్రం పందిరి దరిదాపులకు రానివ్వలేదు. పురాణంలో పుట్టిల్లు వెతుక్కోవడమేమిటని మా మిత్రులు కొందరు వాదిస్తారు. ఆ మాటలో న్యాయముంది. అయినా కాగితం మీద ఏ వంశావళీ లేనివాళ్లకు ఆ పేరే దస్తావేజు అయింది.

మర్యాదలు ఆలస్యంగానైనా వచ్చాయి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గండపెండేరం తొడిగారు. క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశాడు.

ఆయన బతికుండగానే, 1950లో, రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను ఎస్సీ జాబితా బయట నిలబెట్టింది. వెలివేసేటప్పుడు తల్లి కులం అడిగినవాళ్లు, హక్కు ఇచ్చేటప్పుడు మతం అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులు ఇప్పటికీ బీసీ-సి కిందే ఉన్నారు.