కొండను చదివిన మల్లి మస్తాన్ బాబు

ఈసారి మన గోడపత్రికలో నేను మల్లి మస్తాన్ బాబు గారి జీవితం రాస్తున్నాను. ఆయన మనలాగే గిరిజన కుటుంబంలో పుట్టి, మనలాగే ఇంటికి దూరంగా హాస్టల్లో ఉండి చదువుకున్నారు. అందుకే ఆయన్ని ఎంచుకున్నాను.

ఆయన 1974 సెప్టెంబరు 3న నెల్లూరు జిల్లా సంగం మండలం గాంధీజనసంగం అనే ఊళ్ళో పుట్టారు. 1985లో విజయనగరం దగ్గరున్న కోరుకొండ సైనిక్ స్కూల్లో చేరారు. ఆ బడిలోనే చదివిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు గారు అదే ఏడాది ఎవరెస్టు ఎక్కబోయి చనిపోయారు. బడిలో ఆయన విగ్రహం ఉంది. దాన్ని చూసే మస్తాన్ బాబు గారికి కొండల మీద మనసు పోయింది. కొండ ఎక్కితే ప్రాణం పోవచ్చని ఆయనకి ముందే తెలుసన్నమాట. తెలిసే నేర్చుకున్నారు.

తర్వాత జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.టెక్, కలకత్తా ఐఐఎంలో పై చదువు చదివారు. అంత చదివినాయన పెద్ద జీతం చూసుకోకుండా కొండల దారి పట్టారు. 2006లో ఏడు ఖండాల్లో ఎత్తయిన ఏడు శిఖరాలు 172 రోజుల్లో ఎక్కేశారు. జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్‌తో మొదలుపెట్టి, మే 21న ఎవరెస్టు ఎక్కి, జులై 10న అమెరికాలో డెనాలితో ముగించారు. ఇంకో తమాషా ఏమంటే ఏడు శిఖరాలూ ఏడు వేరు వేరు వారాల్లో ఎక్కారు. ఒకటి గురువారం, ఒకటి శుక్రవారం, అలా వారంలో ఏ రోజూ మిగల్లేదు.

అలాంటి కొండల మీద పెద్ద భయం మంచు చరియలు. మనకి వానాకాలం ఘాట్ రోడ్డు మీద మట్టి చరియలు జారతాయి కదా, అక్కడ మంచు జారుతుంది. మంచు అడ్డాకుల విస్తళ్ళు దొంతర పెట్టినట్టు పొర మీద పొర పడుతుంది. మధ్యలో ఒక పొర చక్కెర పలుకుల్లా పొడిపొడిగా ఉందనుకోండి, నేల మీద ఒలికిన చోళ్ళ మీద కాలేసినట్టే. పైన మనిషి నడిస్తే చాలు, కొండవాలు మొత్తం కదిలి వచ్చేస్తుంది. చాలాసార్లు చరియను కదిపేది దానికింద పడ్డ మనిషే.

అందుకే కొండలు ఎక్కేవాళ్ళు ముందు చూస్తారు. వాలు 30 నుంచి 45 డిగ్రీలుంటే జాగ్రత్త. నిన్నా మొన్నా కొత్త మంచు బాగా పడిందా, గాలి మంచుని ఒక పక్కకి తోసి పోగేసిందా, ఎండ ఒక్కసారిగా కాసిందా చూస్తారు. అడుగు వేస్తే లోపల ధబ్బుమన్నా, మంచు మీద పగులు పారినా వెనక్కి తిరిగేస్తారు. గుంట తవ్వి పొరలు చూస్తారు. అనుమానం ఉన్న వాలు మీద అందరూ కలిసి పోరు, ఒకరి తర్వాత ఒకరు దాటతారు. ఎండకి మంచు మెత్తబడక ముందే దాటాలని అర్ధరాత్రే బయలుదేరతారు. మంచులో కూరుకున్న మనిషిని పది పదిహేను నిమిషాల్లో తీస్తేనే బతికే ఆశ ఎక్కువ.

ఇదంతా చదివితే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. మా అవ్వకి అక్షరం రాదు. కానీ గెడ్డ దాటే ముందు నిలబడి చూస్తది. నీళ్ళు ఎర్రబడి పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తే పైన వాన పడిందని చెప్పి మమ్మల్ని దాటనివ్వదు. ఇక్కడ వాన లేకపోయినా సరే. అది పిరికితనం కాదు, అదీ చదువే.

చూసుకున్నా కొండ ఒక్కోసారి వదలదు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు దారిలో మంచు పడి 16 మంది నేపాల్ పనివాళ్ళు చనిపోయారు. వాళ్ళకి ఆ దారి మన గెడ్డ దారిలా అలవాటే. 2015 మార్చిలో మస్తాన్ బాబు గారు దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలకు వెళ్ళారు. అర్జెంటీనా, చిలీ దేశాల మధ్యనున్న ఆ శిఖరం పేరు సెర్రో త్రెస్ క్రూసెస్ సుర్. మనకి ఎండలు ముదిరే వేళ అక్కడ చలి మొదలవుతుంది. మార్చి 24 తర్వాత ఆయన కబురు లేదు. వాతావరణం పాడైంది. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన శరీరం దొరికింది. అప్పటికి ఆయనకి 40 ఏళ్ళు. అంత దూరం నుంచి తెచ్చి సొంతూళ్ళోనే అంత్యక్రియలు చేశారు.

ఆయన జీవితం నుంచి నేను రెండు నేర్చుకున్నాను. గిరిజన పిల్లలు ఎంత ఎత్తయినా వెళ్ళగలరు. ఎంత పెద్దవాళ్ళయినా కొండ కంటే పెద్ద కాదు.

కాబట్టి చెల్లెళ్ళూ, సెలవులయ్యాక హాస్టల్‌కి వచ్చేటప్పుడు గెడ్డ పొంగితే దాటకండి. అవ్వ మాట వినండి. ఒకరోజు ఆలస్యమైనా పర్వాలేదు. మేడం గార్లూ, ఆలస్యంగా వచ్చిన పిల్ల గెడ్డ పొంగిందని చెబితే దయచేసి నమ్మండి. వెనక్కి తిరగడం తెలిసిన పిల్లే మళ్ళీ బడికి వస్తుంది.