యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా పత్రాలు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగస్టు) భారతదేశానికి చెందిన ప్రముఖ వైద్య శాస్త్రజ్ఞుడు, జీవరసాయన శాస్త్రవేత్త. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు, రక్త క్యాన్సరుకు వాడిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశకం ఈయన నడిపిన పరిశోధనా విభాగం నుండి వెలువడ్డాయి. అయితే ప్రపంచ శాస్త్ర పత్రికలలో ఈయన పేరు అత్యధికంగా ఉదహరించబడినది వీటిలో దేనికీ కాదు. భాస్వరాన్ని కొలిచే ఒక చిన్న పద్ధతికి మాత్రమే ఆ గౌరవం దక్కింది.

== బాల్యము, విద్య ==

సుబ్బారావు పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. రాజమండ్రిలో చదువు సరిగా సాగక, చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. పరీక్ష తప్పిన విద్యార్థులకు ఈ సంగతి చెప్పదగినది. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి, శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్ ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా లభించింది. ఈయన సోదరులిద్దరు స్ప్రూ (సంగ్రహణి) వ్యాధితో మరణించారు. అదే వ్యాధి సోకిన సుబ్బారావు ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నాడు. తరువాత కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు.

మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి సమకూర్చిన ధనంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ హామీతోను 1920ల తొలినాళ్ళలో అమెరికాలోని బోస్టన్ చేరాడు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయింది. సుబ్బారావు మరి తిరిగి రాలేదు.

== హార్వర్డ్ పత్రాలు ==

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా పొందిన పిమ్మట జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద చేరాడు. వీరిద్దరి పేర్లతో 1925లో భాస్వరపు వర్ణమాపనం గురించిన పత్రం జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో వెలువడింది. రక్తం, మూత్రం వంటి ద్రవాలలోని ఫాస్ఫేటును ఆమ్ల మాధ్యమంలో మాలిబ్డేటుతో కలిపి, ఒక క్షయకరణ ద్రవ్యం చేర్చితే నీలి రంగు ఏర్పడుతుంది. రంగు ఎంత గాఢమైతే భాస్వరం అంత ఎక్కువ. ఖరీదైన పరికరాలు అక్కరలేకపోవడం, త్వరగా ముగియడం వలన ఈ పద్ధతి ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వాడుకలోకి వచ్చింది.

దాని ఫలితం అంతటితో ఆగలేదు. కండర రసంలో భాస్వరాన్ని కొలుస్తుండగా నీలి రంగు రావలసిన వేగంతో రాక, నెమ్మదిగా ముదురుతున్నదని వీరు గమనించారు. దానిని కొలతలో లోపమని కొట్టివేయక కారణం వెదికారు. ఆమ్లంలో కొద్దికొద్దిగా విడిపోతూ ఫాస్ఫేటును వదిలే పదార్థం ఒకటి కండరంలో ఉన్నదని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థం జాడ కనుగొన్నారు. 1929లో ఎ.టి.పి. గురించిన పత్రం వచ్చింది. జర్మనీలో కార్ల్ లోమన్ సైతం అదే సంవత్సరం దానిని వేరుచేశాడు. కండరాల శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి భావన మారడానికి ఈ పరిశోధనలు దారితీశాయి.

1930లో పి.హెచ్‌డి. వచ్చినా శాశ్వత పదవి మాత్రం రాలేదు. ఈయన వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్క్ అసూయ వలన ప్రచురణకు నోచుకోలేదని, తరువాత ఇతరులు వాటిని మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని హార్వర్డ్‌లో ఈయనకు సమకాలికుడు, 1988 నోబెల్ బహుమతి గ్రహీత జార్జ్ హిచింగ్స్ పేర్కొన్నాడు. అచ్చుకాని పత్రాన్ని ఎవరూ ఉదహరించలేరు గదా.

== లెడర్లీ పత్రాలు ==

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారి, అక్కడ పరిశోధనా విభాగానికి నాయకత్వం వహించాడు. ఇక్కడి పత్రాలను చూచినప్పుడు జాగ్రత్త అవసరం. ఫోలిక్ ఆమ్లపు నిర్మాణం, సంశ్లేషణలను తెలిపిన 1946 నాటి సైన్స్ పత్రంలో పదహారు మంది పేర్లున్నాయి; మొదటి పేరు రాబర్ట్ ఏంజియర్‌ది, సుబ్బారావుది ఏడవది. బోదకాలు మందు డైఇథైల్‌కార్బమజీన్ (హెట్రజాన్) గురించిన 1947 పత్రంలో ఆరుగురి పేర్లలో ఈయన పేరు చివరిది. అమినోప్టెరిన్ తయారీని ప్రకటించిన పత్రంలో అసలు ఈయన పేరే లేదు. ఆ మందుతో చిన్నపిల్లల రక్త క్యాన్సరు తాత్కాలికంగా తగ్గిందని 1948లో సిడ్నీ ఫార్బర్ బృందం ప్రచురించింది. ఆరియోమైసిన్ బెంజమిన్ డగ్గర్ పేరుతో వెలువడింది.

అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఫోలిక్ ఆమ్లం ఉపకరిస్తుందని 1940లలోనే తేలడం ఈ కథలో మరువరాని అంశం. బోదకాలు నిర్మూలనకై భారతదేశంలో 2004లో మొదలైన సామూహిక మందుల పంపిణీలో తెలుగునాట ఇంటింటికీ ఇచ్చిన మాత్రలు ఈయన విభాగం కనుగొన్న మందువే.

== ఉల్లేఖనల లెక్క ==

ఒక పత్రాన్ని ఇతర పత్రాలు ఎన్నిసార్లు ఉదహరించాయో లెక్కించే సూచికను యూజీన్ గార్ఫీల్డ్ 1964లో ప్రారంభించాడు. గార్ఫీల్డ్ కూర్చిన జాబితాలలో ఫిస్క్-సుబ్బారావు పత్రం అత్యధికంగా ఉదహరించబడిన వాటిలో ఒకటిగా, పదివేలకు పైబడిన ఉల్లేఖనలతో నిలిచింది. అంత ప్రసిద్ధి పొందిన పద్ధతిని పలువురు మూలపత్రం చూపకుండానే పేరుతో వాడుతారు. కావున అసలు వినియోగం లెక్కకంటె ఎక్కువే. మందుల విషయంలో ఇది మరింత స్పష్టం. మెథోట్రెక్సేట్ (అమినోప్టెరిన్‌కు దగ్గరి బంధువు) రోగికి వ్రాసే వైద్యుడు ఏ పత్రాన్నీ ఉదహరించడు.

వెదికే విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. పాశ్చాత్య సూచికలలో ఈయన ఇంటిపేరు యల్లాప్రగడ కాదు, సుబ్బారావు. యల్లాప్రగడ అనేది పొడి అక్షరంగా వెనుకకు పోయింది. కాబట్టి ఇంటిపేరుతో వెదికితే ముఖ్య పత్రాలు దొరకవు.

53వ యేట, 1948 ఆగస్టులో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలో నిద్రలోనే మరణించాడు. 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని ఈయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ 1995లో తపాలా బిళ్ళ విడుదల చేసింది.