అద్దాలతో ఆవిరి పుట్టించిన ఆడమ్స్

వరంగల్: వేసవి వచ్చిందంటే ఓరుగల్లు ఎండను తిట్టుకోని వారుండరు. దాదాపు నూట యాభై ఏళ్ల క్రితం బొంబాయిలో ఒక ఆంగ్లేయ అధికారి మాత్రం ఆ ఎండలో ఇంధనాన్ని చూశాడు. ఆయన పేరు విలియం ఆడమ్స్. వృత్తి రీత్యా డిప్యూటీ రిజిస్ట్రార్. అయినా సౌరశక్తి చరిత్రలో ఆయన పేరే నిలిచింది.

ఫ్రాన్సులో అగస్టిన్ మూషో అప్పటికే వెండిపూత పూసిన వంపు రేకులతో ఆవిరి యంత్రాన్ని నడిపాడు. ఆ రేకుల ఖరీదు ఎక్కువ, తరచూ మెరుగు పెట్టక తప్పదు. ఆడమ్స్ ఆ మార్గాన్ని విడిచి, చదునైన సాధారణ గాజు అద్దాలను ఎంచుకున్నాడు. ఒక్కొక్కటి 17 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు. అటువంటివి 72 ఉంటే సుమారు 650 డిగ్రీల సెంటీగ్రేడు వేడి సాధ్యమని లెక్క తేల్చాడు. ఇరవై అడుగుల దూరాన ఉంచిన కట్టెపై వెలుగు పడగానే అది భగ్గున మండింది.

1878లో కొలాబాలోని తన బంగళా ఆవరణలో బాయిలర్ నెలకొల్పి, రెండున్నర అశ్వశక్తి ఆవిరి యంత్రాన్ని రెండు వారాల పాటు పగటి వేళల్లో నడిపించాడు. అద్దాల చట్రాన్ని అర్ధవృత్తాకార పట్టాలపై సూర్యుని వెంట జరపడానికి ఒక్క కూలీ చాలు. అరగంటకొకసారి చూసుకుంటే సరిపోతుంది. సైన్యాధికారులు, న్యాయమూర్తులు, మిల్లు యజమానులు వచ్చి చూశారు. ఎనిమిది అద్దాల పొయ్యిపై జనవరి నెలలోనే ఏడుగురు సైనికుల భోజనం రెండు గంటల్లో వండించాడు. తెలుగునాట తిరుమలలో 2002లో ఏర్పాటైన సౌర వంటశాల వంపు అద్దాలది. సూత్రం మాత్రం అదే.

విద్యుత్తునిచ్చే నేటి సౌర పలకలకు ఆడమ్స్ ఎంచుకున్న చదును అద్దమే తగినది. పలకలోని ఘటాలు వరుసగా కలిపి ఉంటాయి గనుక వెలుగు ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా పడితే లాభముండదు. వంపు అద్దం కాంతిని ఒకచోటికే కుప్పబోస్తుంది. చదును అద్దం సమంగా పరుస్తుంది. ఇరుపక్కలా చవక అద్దాలు ఏటవాలుగా నిలిపితే అదనపు వెలుగు దక్కుతుంది. కాని వేడి ఒక డిగ్రీ పెరిగితే సిలికాన్ పలక ఉత్పత్తి 0.3 నుంచి 0.5 శాతం పడిపోతుంది. వరంగల్ ఎండలో ఇది చిన్న నష్టం కాదు. పైగా పలకల ధర బాగా దిగివచ్చిన ఈ రోజుల్లో అద్దాల కంటే మరో పలక కొనడమే సుళువు కావచ్చు.

వంటచెరకు, బొగ్గు కొరత గల ఉష్ణదేశాలకు ఎండే ప్రత్యామ్నాయమని వాదిస్తూ ఆడమ్స్ 1878లో ఒక గ్రంథం వెలువరించాడు. ఎండ బొగ్గుతో నేరుగా పోటీ పడలేదని స్థానిక ఇంజినీర్లు సందేహించినా, తోడుగా పనికివస్తుందని అంగీకరించారు. గ్రంథం వెలువడిన కొద్దికాలానికే ఆయన ప్రయోగాలు నిలిచిపోయాయి.