అడగడం కూడా చదువే: శ్రీనివాస రామానుజన్

అడగందే అమ్మయినా పెట్టదంటారు మన పెద్దలు. కానీ ఎలా అడగాలి? ముఖ్యంగా ఇంగ్లిష్‌లో? గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ జీవితంలో దీనికి మంచి జవాబు ఉంది.

ఆయన 1887 డిసెంబర్ 22న తమిళ ప్రాంతంలోని ఈరోడ్‌లో పుట్టి, కుంభకోణంలో పెరిగారు. లెక్కల్లో దిట్ట. 1904లో స్కాలర్‌షిప్‌తో అక్కడి ప్రభుత్వ కళాశాలలో చేరారు. లెక్కల ధ్యాసలో మిగతా సబ్జెక్టులు వదిలేశారు. ఇంగ్లిష్ తప్పారు, స్కాలర్‌షిప్ పోయింది. డిగ్రీ లేకుండానే 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తాగా కుదిరారు.

తన పనిని ఇంగ్లండ్‌లోని గణితవేత్తలకు చూపించాలని ప్రయత్నించారు. ఇద్దరు ప్రొఫెసర్ల నుంచి సాయం అందలేదు. 1913 జనవరి 16న కేంబ్రిడ్జ్‌లోని జి.హెచ్. హార్డీకి ఇంగ్లిష్‌లో ఉత్తరం రాశారు.

ఆ ఉత్తరం వరస గమనించండి. ముందుగా తానెవరో చెప్పుకున్నారు: ఏడాదికి 20 పౌండ్ల జీతగాడు, యూనివర్సిటీ చదువు లేనివాడు. తర్వాత తాను సొంతంగా చేసిన పని చెప్పారు. ఆ తర్వాతే అడిగారు: ఇందులో విలువ ఉందని తోస్తే ప్రచురణకు సాయం, అనుభవం లేని తనకు సలహా. శ్రమ ఇస్తున్నందుకు మన్నించమని ముగించారు. జతగా సుమారు 120 సిద్ధాంతాలు పంపారు.

హార్డీ, ఆయన మిత్రుడు లిటిల్‌వుడ్ వాటిని పరిశీలించి, రాసినవాడు అసాధారణుడని గుర్తించారు. హార్డీ రుజువులు అడుగుతూ జవాబు రాశారు. 1914లో రామానుజన్ కేంబ్రిడ్జ్ చేరారు. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్లకే కన్నుమూశారు.

ఆయన్ను గెలిపించింది గణితమే. ఆ గణితాన్ని చదివేలా చేసింది అడిగిన తీరు.

తెలుగులో ‘అండీ’, ‘మీరు’ అంటే మర్యాద వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో చిన్నా పెద్దా అందరికీ ‘యూ’ ఒక్కటే. అందుకే మర్యాదను వాక్యంలోనే చూపాలి: ‘టెల్ మీ’ బదులు ‘కుడ్ యూ ప్లీజ్ టెల్ మీ’. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే విదేశాల్లో మన మాటను అనుమానిస్తున్నారనుకోవచ్చు. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనడం మేలు.

‘సార్, అర్థం కాలేదు’ అనే పిల్లలకు ఇంట్లో ఇంకో అడుగు నేర్పండి: ఎంతవరకు చేశారో చెప్పి, తర్వాతి మెట్టు వివరించమని అడగడం. టీచర్లు కోరుకునేదీ అదే.