గడియారాల శిల్పి బ్రెగే

కావ్యంలో అలంకారం ఔచిత్యాన్ని ఆశ్రయించి ఉండాలని మన ఆలంకారికులు నిర్దేశించారు. రసానికి తోడ్పడని అలంకారం ఎంత మెరిసినా బరువే. కావ్యశాస్త్రంతో ఏమాత్రం పరిచయం లేని ఒక గడియారాల నిర్మాత ఈ సూత్రాన్ని బంగారు రేకుపై ఆచరించి చూపాడు. ఆయనే అబ్రహాం లూయీ బ్రెగే.

ఆయన నేటి స్విట్జర్లాండులోని నూషతెల్ పట్టణంలో 1747 జనవరి 10న జన్మించాడు. పదకొండేళ్ళ ప్రాయంలోనే తండ్రి మరణించగా, తల్లి ఒక గడియారాల వ్యాపారిని పునర్వివాహం చేసుకొన్నది. ఆ సవతి తండ్రి ద్వారానే బాలుడికి ఈ విద్య పరిచయమైంది. 1762లో ఫ్రాన్సు చేరి, వెర్సాయ్‌లో పని నేర్చుకొంటూ, పారిస్‌లోని మాజరాఁ కళాశాలలో గణితం అభ్యసించాడు. 1775లో వివాహం చేసుకొని, పారిస్‌లో సేన్ నది నడుమనున్న దీవిపై సొంత దుకాణం తెరిచాడు. ఐదేళ్ళకే భార్య గతించింది. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

ఆనాటి జేబుగడియారాలకు సాధారణంగా తెల్లని మీనా డయలు, దానిపై లతలు చుట్టిన ముళ్ళు ఉండేవి. చూపులకు సొంపే కాని, గంట ఎంతైనదో చటుక్కున తెలిసేది కాదు. 1786 ప్రాంతంలో బ్రెగే బంగారు, వెండి డయళ్ళపై యంత్రంతో సన్నని గీతలు చెక్కించడం ఆరంభించాడు. దీనినే గియోషే పని అంటారు.

ఈ పని తీరు తెలుసుకోదగినది. దీనికి వాడే యంత్రాన్ని గులాబీ యంత్రమని పిలుస్తారు. అంచున అలలు తీర్చిన లోహపు చక్రాలు ఇందులో ఉంటాయి. పనివాడు ఒక చేతితో పిడి తిప్పుతుంటే, చక్రపు అంచును అనుసరించి డయలు తిరుగుతూ అటూ ఇటూ ఊగుతుంది. రెండవ చేతితో అతడు ఉలిని నొక్కిపట్టి ఉంచుతాడు. ఉలి కదలదు, కదిలేది లోహమే. ఒక గీత పూర్తికాగానే ఉలిని వెంట్రుకవాసి జరిపి మరొకటి ప్రారంభించాలి. ఇలా వందలాది గీతలు. బొటనవ్రేలి ఒత్తిడి ఒక్కచోట హెచ్చినా డయలు అంతా వ్యర్థమే. చెరిపి దిద్దుకొనే వీలు లేదు. వ్యాసంలో తప్పు దొర్లితే కొట్టివేసి మళ్ళీ వ్రాసే మనకు ఈ కష్టం అంత సులభంగా బోధపడదు.

ఈ యంత్రం బ్రెగే కల్పన కాదు. దంతాన్నీ, కొయ్యనూ చెక్కడానికి అది ఐరోపాలో అంతకుముందే వాడుకలో ఉన్నది. దానిని డయలు మీదికి తెచ్చిన ప్రయోజనదృష్టిలోనే ఆయన ప్రతిభ ఉన్నది. నునుపైన లోహం వెలుగు తగలగానే కళ్ళు మిరుమిట్లు గొలుపుతుంది. గీతలు ఆ తళుకును అణచివేస్తాయి. గంటల వలయానికి ఒక తీరు, సెకండ్ల చిన్న వలయానికి వేరొక తీరు, మధ్యభాగానికి మరొకటి చెక్కించడం వల్ల కన్ను తడబడక తనకు కావలసిన చోట నిలుస్తుంది. పైగా, కొస దగ్గర గుండ్రని రంధ్రమున్న సన్నని నీలి ఉక్కు ముళ్ళను ఆయనే రూపొందించాడు. వెండి వన్నె గీతలపై అవి స్పష్టంగా కనిపిస్తాయి.

ఫ్రెంచి విప్లవం ఆయన జీవితాన్ని తలక్రిందులు చేసింది. రాజకుటుంబంతో పరిచయమే ప్రాణాపాయమైంది. 1793లో దేశం విడిచి స్విట్జర్లాండు చేరాడు. 1795లో తిరిగి వచ్చేసరికి ఆయన పేరుతో నకిలీ గడియారాలు విరివిగా చలామణీ అవుతున్నాయి. డయలుపై పన్నెండు అంకె సమీపాన, వెలుగుకు ఏటవాలుగా పట్టి చూస్తేనే కనిపించే సూక్ష్మమైన సంతకాన్ని చెక్కించడమే ఆయన కనుగొన్న విరుగుడు.

తుర్కీ రాయబారి సయ్యద్ అలీ ఎఫెందీ 1797లో పారిస్ వచ్చిన తరువాత ఉస్మానియా సామ్రాజ్యంలోనూ ఆయన గడియారాలకు ఆదరణ లభించింది. మీనాకారీ చేసిన కేసులతో, తుర్కీ అంకెలతో వాటిని ప్రత్యేకంగా తయారుచేయించాడు. మన ఉర్దూ విభాగపు విద్యార్థులు ఆ అంకెలను ఇంచుమించు తడుముకోకుండానే చదవగలరు.

1801లో టూర్బియాన్ అనే యంత్రభాగానికి ఆయన పేటెంటు పొందాడు. 1816లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ సభ్యుడైనాడు. 1823 సెప్టెంబరు 17న పారిస్‌లో కన్నుమూశాడు.

మరీ ఆంట్వానెట్ రాణి కొరకు 1783లో ఆయనకు అప్పగించిన గడియారం అప్పటికింకా పూర్తికాలేదు. రాణి శిరచ్ఛేదం 1793లోనే జరిగిపోయింది. గడియారం మాత్రం 1827లో, బ్రెగే పోయిన నాలుగేళ్ళకు, ఆయన సంస్థలో పూర్తయింది. జెరూసలేంలోని ఇస్లామీయ కళల మ్యూజియం నుండి 1983లో దొంగలపాలై, 2007లో తిరిగి దొరికింది. గీతలకు అంత ప్రసిద్ధి తెచ్చిన ఆ మహాశిల్పి గడియారాలన్నింటిలో అత్యంత ప్రఖ్యాతమైన దీని డయలుపై గియోషే లేదు. లోపలి చక్రాలన్నీ కనిపించేటట్లు దానికి స్వచ్ఛమైన స్ఫటికాన్ని అమర్చారు.