విరూపణ్ణ

విజయనగర సామ్రాజ్యమున పెనుగొండ పేరెన్నికగన్న దుర్గము. 1529 మొదలు 1542 వఱకు అచ్యుతదేవరాయలు పాలించిన కాలమున అచ్చట విరూపణ్ణ యను నధికారి యుండెను. రాజుగారి ధనాగారము అతని యధీనమున నుండెడిది. అతడు వీరభద్రస్వామికి పరమభక్తుడు.

నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనున్న లేపాక్షి గ్రామమున తాబేటి యాకారము గల గుట్ట యొకటి కలదు. దానిని కూర్మశైల మందురు. దానిపై విరూపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు వీరభద్రాలయమును నిర్మింప బూనిరి. శిల్పులు స్తంభములపై నర్తకులను, వాద్యకారులను మలచిరి. చిత్రకారులు మండపముల కప్పులపై పురాణగాథలను రంగులతో చిత్రించిరి. ఒక స్తంభము నేలను పూర్తిగా తాకక, క్రిందుగా పలుచని వస్త్రమును దూర్చుటకు వీలుగా నిలిచియున్నది.

ఆ శిల్పములలో ఒక యావు బొమ్మ మిక్కిలి చిత్రమైనది. దానికి దేహ మొకటి, తలలు మూడు. రెండు తలలను చేతితో మూసి చూచినచో, మిగిలిన తలతో సంపూర్ణమైన యావు కనబడును. ఆ తలను మూసి వేఱొక దానిని విడిచినచో, అదే యావు భంగిమ మార్చినట్లు తోచును. శిల్పి చెక్కినది ఒక్క దేహమే; మూడావులను చూచునది మన కన్ను.

విరూపణ్ణ కడపటి దినములను గూర్చి ఆ ప్రాంతమున దుఃఖకరమైన కథ యొకటి వాడుకలో నున్నది. అనుమతి లేకయే అతడు రాజధనమును వెచ్చించెనని కొండెగాండ్రు రాజునకు చెప్పిరట. రాజు కోపించి, విరూపణ్ణ కన్నులు తీయింపుమని యాజ్ఞాపించెనట. ఆ వార్త విని విరూపణ్ణ తన కన్నులను తానే పెఱికి ఆలయకుడ్యముపై విసరెనట. ఆ గోడమీది యెఱ్ఱని మరకలను జనులు నేటికిని చూపుదురు. కల్యాణమండపము పైకప్పు లేని స్తంభములతో అసంపూర్ణముగనే నిలిచిపోయినది.

ఈ కథలో కొండెగాండ్రు చూచినది తఱిగిన ధనమును మాత్రమే. రాజు చూచినది సేవకుని యపరాధమును మాత్రమే. నానాటికి రూపొందుచున్న యాలయమును వారు చూడలేదు. అనుమతి లేకుండ రాజధనమును వ్యయించుట దోషమే కావచ్చును. కాని అతడు దానిని తన భోగమునకు వాడుకొనలేదు.

లేపాక్షికి పోవు బాలురు మూడు తలల యావును చూచి ఆనందింతురు. విరూపణ్ణ కథ నెఱిగినవారు అంతటితో తృప్తిపడరు. ఒక తలను మాత్రమే చూచి ఆవు స్వరూపమును నిర్ణయింపలేనట్లే, ఒక వైపు మాత్రమే చూచి మనుజుని గుణదోషములను నిర్ణయింపరాదని గ్రహింతురు.