మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు

గిద్దలూరి చేరువనున్న మోక్షగుండము మన తెలుగువారి గ్రామము. విశ్వేశ్వరయ్యగారి పూర్వులు అచ్చటనుండియే మైసూరు సీమకు వలసపోయిరి. వీరు ముద్దేనహళ్లిలో జన్మించి, పిన్నవయసుననే తండ్రిని గోల్పోయి, బెంగుళూరులో పరుల బిడ్డలకు పాఠములు చెప్పుచు చదువుకొనిరి. పిమ్మట పూనాలో యింజనీరింగు పరీక్షయందు కృతార్థులై బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరిరి. 1906లో ఏడెను పట్టణమునకు బోయి అచ్చటి మంచినీటి యేర్పాటును గూర్చి సలహా నొసగిరి.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను. వేలకొలది జనులు మృతులైరి. అప్పటికి కొలువు విడిచి విదేశములలో సంచరించుచున్న వీరిని నిజాము ప్రభుత్వము పిలిపించెను. ఇట్టి యుపద్రవము పిమ్మట అన్నవస్త్రములు పంచి, కూలిన గోడలు కట్టి తృప్తినొందుట యే ప్రభుత్వమునకైనను సులభము. వీరు మాత్రము నదికి ఎగువనున్న పల్లెలలో కారణమును వెదకిరి. అచ్చటి దాదాపు ఎనిమిదివందల చెరువులలో రెండువందలకు పైగా తెగినవని తేలెను. మీది చెరువు తెగి క్రింది చెరువుపై బడ, అదియు తెగి, ఆ నీరంతయు నగరముపై బడెను.

కావున వరదను నగరమునకు ఎగువనే పట్టవలెనని వీరు నిశ్చయించి, మూసీపై నొకటి, ఈసీపై నొకటి జలాశయములను సూచించిరి. ఇందొక చిక్కు కలదు. త్రాగునీటికై జలాశయము నిండుగా నుండవలెను. వరదను పట్టుటకో వెలితిగా నుండవలెను. నిలువనీటికి పైన వరదకు చోటు విడిచిననే రెండును చెల్లును. కట్టడమును నడపినవారు వేఱు, ఆలోచన వీరిది. గండిపేటయొద్ద ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియయ్యెను.

1912 మొదలు 1918 వఱకు వీరు మైసూరు దివానుగా నుండి బ్యాంకును, విశ్వవిద్యాలయమును నెలకొల్పిరి. వెనుకబడిన కులములవారికి ఉద్యోగములు ప్రత్యేకించుటకు సమ్మతింపక ఆ పదవిని వదలిరి. ఇందు వీరిని మెచ్చుకొనజాలము. 1934లో దేశాదాయమును పదేండ్లలో రెట్టింపు చేయు ప్రణాళికను గ్రంథరూపమున ప్రకటించిరి. 1955లో భారతరత్న బిరుదమంది, నూరేండ్లు దాటి 1962 ఏప్రిల్ 14న గతించిరి.

నానక్‌రామ్‌గూడనుండి నైరుతిగా కొద్ది మైళ్లు పోయినచో గండిపేట కట్ట కనబడును. ఆ గ్రామ మిప్పుడు పరదేశవర్తకుల అద్దాల మేడలతో నిండినది. అమెరికా కాన్సులేటు 2023లో అచ్చటికే చేరెను. జలాశయముల చుట్టును పది కిలోమీటర్లలో పెద్ద కట్టడములు కూడవని 1996లో 111వ సంఖ్యగల ప్రభుత్వోత్తరువు వెలువడెను. 2022లో ఆ కట్టుబాటును తొలగించుచు మఱియొక యుత్తరువు వచ్చెను.